సేఫ్టీ వేసి ఉన్న రైఫిల్ దానంతటదే పేలుతుందా? తొలిసారి డీర్ హంటింగ్‌కి వెళ్లేవాళ్ల కోసం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆఫీసు మిత్రులు నవంబర్‌లో టెక్సాస్‌లోని లానో దగ్గర తమ డీర్ లీజ్‌కి (జింకల వేటకి అద్దెకి తీసుకున్న భూమికి) రమ్మంటున్నారు. నిరుడు అదే బృందంలో ఒకాయన ట్రక్కు పక్కన నిలబడి రైఫిల్ ఖాళీ చేస్తుంటే అది పేలి, బుల్లెట్ టైరు పక్కన నేలలోకి దిగింది. "ట్రిగ్గర్ ముట్టుకోలేదు, సేఫ్టీ ముందుకు తోశానంతే" అని ఆయన ఇప్పటికీ అంటున్నారు. సేఫ్టీ అంటే తుపాకీ పొరపాటున పేలకుండా ఆపే చిన్న మీట, ముందుకు తోస్తే అది తీసినట్టు. మిగతావాళ్లు నమ్మడం లేదు. ఈ సంగతి విన్న దగ్గర్నుంచి మీ ఆవిడకి టెన్షన్. అలా పేలడం సాధ్యమేనా, వెళ్లొచ్చా, వెళ్తే ఏం చూసుకోవాలి, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు అసలు తుపాకీ పట్టుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. చివర్లో భద్రాచలం వైపు మీ తాతగారి ఊళ్లో నాటు తుపాకీ పేలి చెయ్యి పోగొట్టుకున్న మనిషి గురించి కూడా రాశారు.

నేను టెక్సాస్‌లో చాలా ఏళ్లుగా వేటకి వెళ్తున్నాను. హంటర్ ఎడ్యుకేషన్ తరగతుల్లో వాలంటీర్‌గా పాఠాలు చెప్తాను. అన్నిటికీ జవాబు రాస్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

ముందు రైఫిల్ సంగతి. ఆయన అబద్ధం చెప్తున్నారనుకోనక్కర్లేదు. ట్రిగ్గర్‌కి వేలు తగలకుండా, సేఫ్టీ తీసిన క్షణంలోనే రైఫిల్ పేలడం అరుదుగానైనా జరుగుతుంది. అది ఎలాగో అర్థమైతే మిగతా జాగ్రత్తలు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో బోల్ట్‌ని (చేత్తో వెనక్కీ ముందుకీ జరిపే ఉక్కు కడ్డీని) తోస్తే తూటా చాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక చివర తూటా కూర్చునే గదిలోకి వెళ్తుంది. బోల్ట్ మూసేసరికి లోపల ఒక బలమైన స్ప్రింగ్ బిగిసి ఉంటుంది. అది ఫైరింగ్ పిన్‌ని ముందుకు నెట్టడానికి కాచుకుని ఉంటుంది. ఆ పిన్‌ని వెనక్కి పట్టి ఉంచేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. ఎలుకల బోనులో కమ్మీని ఆపి ఉంచే కొక్కెం లాంటిదన్నమాట. సియర్ కింద ట్రిగ్గర్ ఆనుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఆ ఆసరా తప్పుకుంటుంది, సియర్ దిగుతుంది, పిన్ వెళ్లి తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ని (దెబ్బ తగిలితే మందుని అంటించే చిన్న మూతని) కొడుతుంది. ట్రిగ్గర్, సియర్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే అంచు మిల్లీమీటరులో కొంత భాగం మాత్రమే. అంత సన్నటి అంచు మీద అంత బలమైన స్ప్రింగ్ ఆగి ఉంటుంది.

సేఫ్టీ వేస్తే ఫైరింగ్ పిన్ కదలకుండా బిగుసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని రైఫిళ్లలో అది నిజమే. మౌజర్ 98లో, విన్‌చెస్టర్ మోడల్ 70లో బోల్ట్ వెనక ఉండే సేఫ్టీ నేరుగా ఫైరింగ్ పిన్‌నే పట్టుకుంటుంది. కానీ ఇప్పుడు జనం దగ్గర ఉన్న రైఫిళ్లు, షాట్‌గన్లలో చాలావాటికి సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌నో, సియర్‌నో మాత్రమే. స్ప్రింగ్ బిగిసే ఉంటుంది. తుపాకీ కింద పడ్డా, లోపల గ్రీజు గట్టిపడ్డా, దుమ్ము చేరినా, ఎవరో ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని ఇంట్లో కూర్చుని స్క్రూలు తిప్పినా ఆ అంచు సరిగ్గా పట్టుకోకపోవచ్చు. అప్పుడు సేఫ్టీ వేసి ఉన్నంతసేపు ఏమీ తెలియదు. తీసిన మరుక్షణం సియర్‌కి కింద ఆసరా ఉండదు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ రెమింగ్టన్ మోడల్ 700. 1962లో వచ్చిన రైఫిల్ అది, అమెరికాలో బాగా అమ్ముడుపోయినవాటిలో ఒకటి. దాని పాత ట్రిగ్గర్‌ని, రూపొందించిన ఇంజినీర్ పేరుతో వాకర్ ట్రిగ్గర్ అంటారు. అందులో ట్రిగ్గర్‌కీ సియర్‌కీ మధ్య కనెక్టర్ అని ఇంకో చిన్న ముక్క ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ అది ట్రిగ్గర్ నుంచి కొంచెం విడివడి మళ్లీ చోటికి రావాలి. మధ్యలో చెత్తో, తడో, గట్టిపడిన నూనో అడ్డొస్తే పూర్తిగా వెనక్కి రాదు అన్నది కంపెనీ మీద కేసులు వేసినవాళ్ల వాదన. కంపెనీ మాత్రం డిజైన్‌లో లోపం లేదనే వాదిస్తూ వచ్చింది.

2000 అక్టోబర్‌లో మోంటానాలో వేట నుంచి తిరిగొచ్చిన ఒక తల్లి రైఫిల్ ఖాళీ చేద్దామని సేఫ్టీ తీసింది. రైఫిల్ పేలింది. బుల్లెట్ గుర్రాల ట్రైలర్‌లోంచి దూసుకుపోయి అవతలి పక్కన ఉన్న ఆమె కొడుకుకి తగిలింది. ఆ బాబుకి 9 ఏళ్లు, బతకలేదు. ట్రిగ్గర్ మీద ఆమె వేలు లేదని కుటుంబం చెప్పింది. ఆ తర్వాత ఆ తండ్రి ఏళ్ల తరబడి చేసిన పోరాటం వల్లే ఈ విషయం దేశమంతా తెలిసింది. చాలామంది కొనుగోలుదారుల తరఫున కలిపి వేసిన క్లాస్ యాక్షన్ కేసు రాజీకి వచ్చి, పాత ట్రిగ్గర్లు ఉచితంగా మార్చేందుకు కంపెనీ ఒప్పుకుంది. ఆ గడువు 2020లో ముగిసింది. ఇది కాక ఎక్స్-మార్క్ ప్రో అనే కొత్త ట్రిగ్గర్‌లో అంటించే పదార్థం ఎక్కువ పడిందని 2014 ఏప్రిల్‌లో రీకాల్ ఇచ్చారు. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ వరకు తయారైన మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లకు అది వర్తించింది. రీకాల్‌కి పంపని రైఫిళ్లు ఇప్పటికీ ఇళ్లలో ఉండే ఉంటాయి. వాడిన రైఫిల్ కొనేటప్పుడు ఇది తప్పకుండా అడగాలి.

ఇంకో సంగతి గమనించండి. 1982కి ముందు తయారైన మోడల్ 700 రైఫిళ్లలో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ తెరుచుకోదు. చాంబర్‌లో ఉన్న తూటాని బయటికి తీయాలంటే ముందు సేఫ్టీ తీసి తీరాలి. ఇతర కంపెనీల పాత రైఫిళ్లలోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది. అంటే వేట అయిపోయి, అలసిపోయి, నలుగురూ ట్రక్కు చుట్టూ కబుర్లు చెప్పుకుంటున్న సమయంలో, చాంబర్‌లో తూటా ఉండగా సేఫ్టీ తీయాల్సి వస్తుంది. మీ మిత్రుడి రైఫిల్ పేలింది సరిగ్గా అలాంటి చోటే.

ఆయన రైఫిల్ ఏ కంపెనీదో మీరు రాయలేదు. ఏదైనా సరే, ఒకసారి అలా పేలిన రైఫిల్ గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసే పనివాడు) చేతికి వెళ్లి, ట్రిగ్గర్ విప్పి చూసి, బాగుందని చెప్పేవరకు అందులో తూటా పెట్టకూడదు. "తర్వాత పది సార్లు చూశాను, మళ్లీ పేలలేదు" అనడం సరిపోదు. ఇలాంటి లోపం అడిగినప్పుడు కనిపించదు, చలిలోనో, తేమలోనో, ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది. నిరుటి నుంచి ఆయన దాన్ని చూపించారో లేదో మర్యాదగానే అడగండి.

రెండో వైపు కూడా చెప్పాలి. "వేలు పెట్టలేదు" అని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లలో వేలు పెట్టినవాళ్లే ఎక్కువ. బొటనవేలితో సేఫ్టీని ముందుకు నెట్టేటప్పుడు పిడికిలి మొత్తం బిగుసుకుంటుంది. చూపుడువేలు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) లోపల ఉంటే అదీ బిగుసుకుంటుంది, మనిషికి గుర్తుండదు. చేతికి చలి గ్లవ్స్ ఉంటే అసలు తెలియదు. జాకెట్ తాడు చివర ఉండే ప్లాస్టిక్ బిళ్ల ట్రిగ్గర్ గార్డ్‌లో ఇరుక్కుని, రైఫిల్ భుజం మీంచి దించేటప్పుడు లాగడం కూడా ఉంది. కాబట్టి తప్పు రైఫిల్‌దా ఆయనదా అని బృందంలో పంచాయితీ పెట్టుకోవద్దు. నా దృష్టిలో ఆ రోజు జరిగినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, పేలినప్పుడు బ్యారెల్ నేల వైపు ఉంది. లోపం రైఫిల్‌దైనా, వేలిదైనా, తాడుదైనా బుల్లెట్ పోయేది బ్యారెల్ చూస్తున్న వైపే. అది ఎప్పుడు పేలినా ఎవరికీ తగలని వైపు చూస్తూ ఉంటే, మిగతా ఏ పొరపాటు జరిగినా ఒక పెద్ద చప్పుడు, ఒక భయం, నేలలో ఒక గుంటతో సరిపోతుంది. మోంటానాలో బ్యారెల్ ట్రైలర్ వైపు ఉంది. రేకు గోడ అడ్డం ఉంది కదా అనిపిస్తుంది. డీర్ రైఫిల్ బుల్లెట్‌కి కారు తలుపు, ట్రైలర్ రేకు, ఇంటి గోడలోని డ్రైవాల్ ఏవీ అడ్డం కావు. మెత్తటి నేల, మట్టి గట్టు, ఇసుక, ఇవే సురక్షితమైన వైపు. రాళ్ల నేలైతే బుల్లెట్ ఎగిరి ఎటో పోతుంది. లానో చుట్టుపక్కల గ్రానైట్ చాలా ఉంటుంది, అక్కడ "నేల వైపు పెట్టాను" అంటే చాలదు, ఆ నేల ఏమిటో చూడాలి.

తరగతిలో నేను ప్రతిసారీ చేసి చూపించేది ఒకటుంది. నకిలీ తూటాలు, అంటే మందు లేని డమ్మీలు నింపిన రైఫిల్ ఒకటి బల్ల మీద పెట్టి, ఖాళీ చేయమంటాను. ఎవరో ఒకరు మ్యాగజైన్ (తూటాలు పెట్టే పెట్టె) పీకి బల్ల మీద పెట్టి "అయిపోయింది సార్" అంటారు. బోల్ట్ తెరవమంటాను. తెరవగానే చాంబర్‌లోంచి ఒక డమ్మీ టప్పున ఎగిరి బల్ల మీద దొర్లుతుంది. గది నిశ్శబ్దమైపోతుంది. మ్యాగజైన్ తీసినంత మాత్రాన చాంబర్‌లోకి అప్పటికే ఎక్కిన తూటా ఎక్కడికీ పోదు. చాలా ప్రమాదాలకు మూలం ఈ ఒక్క తూటా.

అందుకని ఖాళీ చేసే క్రమం ఇలా ఉండాలి. ట్రక్కు దగ్గరికి వచ్చాక కాదు, ట్రక్కుకి దూరంగా ఉన్నప్పుడే, జనం లేని వైపు, మెత్తటి నేల చూసుకుని నిలబడాలి. ట్రిగ్గర్ గార్డ్ బయట వేలు నిటారుగా చాపి ఉంచాలి. మ్యాగజైన్ తీయాలి. బోల్ట్ తెరిచి చాంబర్‌లో తూటాని బయటికి రప్పించాలి. ఆ తర్వాత కంటితో చూడాలి, చిటికెన వేలు చాంబర్‌లో పెట్టి తడిమి కూడా చూడాలి. తెల్లవారుజామున, సాయంత్రం చీకట్లో కన్ను మోసం చేస్తుంది, వేలు చెయ్యదు. మ్యాగజైన్ ముందే తీయడం ముఖ్యం. అది ఉండగా బోల్ట్ వెనక్కీ ముందుకీ ఆడిస్తే ఒకటి బయటికి పోయి ఇంకోటి లోపలికి ఎక్కుతుంది. బోల్ట్ తెరిచే ఉంచి ట్రక్కు దగ్గరికి రావాలి. బోల్ట్ తెరిచి ఉన్న రైఫిల్‌ని పది అడుగుల దూరం నుంచి చూసినా అది పేలదని అందరికీ తెలుస్తుంది. ఎవరి చేతికైనా ఇచ్చేటప్పుడూ అలాగే ఇవ్వాలి. తీసుకునేవాళ్లు, ఇచ్చినవాళ్లు చూశారు కదా అని ఊరుకోకుండా, మళ్లీ తామే చూసుకోవాలి. ఇందులో అవమానపడాల్సింది ఏమీ లేదు. నేను నా పాతికేళ్ల స్నేహితుడి చేతిలోంచి తీసుకున్నా చూస్తాను, ఆయన నా ఎదుటే చూస్తాడు.

ట్రక్కులోకి తూటా ఉన్న తుపాకీ ఎక్కకూడదు. "రాంచ్ లోపలే కదా, గేటు దగ్గర్నుంచి బ్లైండ్ దాకా అరమైలే కదా" అంటారు. బ్లైండ్ అంటే వేటగాళ్లు జింకకి కనబడకుండా కూర్చునే చిన్న గది. 2023 జనవరిలో కాన్సస్‌లోని సమ్నర్ కౌంటీలో వేటకి వెళ్లిన ఒక పికప్ ట్రక్కు వెనక సీటులో తూటా ఉన్న రైఫిల్ పెట్టారు. వెనకే ఉన్న కుక్క దాని మీద కాలు వేసింది. ముందు సీటులో కూర్చున్న ముప్పై ఏళ్ల మనిషి చనిపోయాడు. అది విన్నవాళ్లు కుక్క గురించి ఆశ్చర్యపోతారు. నన్నడిగితే అక్కడ కుక్క బదులు కూలర్ జారినా, బ్యాగ్ పట్టీ తగిలినా అదే జరిగేది. మీరు ఎక్కబోయే ట్రక్కులో వెనక సీటు వైపు ఒకసారి చూసి, "ఇవన్నీ ఖాళీయే కదా, బోల్ట్లు తెరిచి ఉన్నాయా" అని అడిగి ఎక్కండి.

ఇక్కడే మనవాళ్లతో నాకు కనిపించే అసలు ఇబ్బంది చెప్పాలి. మొహమాటం. పిలిచినవాడు ఆఫీసులో సీనియర్, రైఫిల్ ఆయనది, లీజ్ ఆయనది, తిండి ఖర్చు కూడా ఆయనే పెట్టుకున్నాడు. ఆయన మాట్లాడుతూ బ్యారెల్‌ని మన మోకాలి మీదుగా తిప్పేస్తాడు. మనం ఒక అడుగు పక్కకి జరిగి నవ్వుతాం, నోరు మెదపం. వేటాడేవాళ్ల మధ్య ఈ మర్యాద చెల్లదు. "బ్యారెల్ అటు తిప్పండి" అని వెంటనే, అందరికీ వినిపించేలా అనాలి. నిజంగా అనుభవమున్న హంటర్ ఎవరైనా వెంటనే తిప్పి సారీ చెప్తాడు. "సేఫ్టీ వేసే ఉంది" అని జవాబిచ్చాడంటే ఆ మనిషి పక్కన మీరు రోజంతా గడపకూడదు. మా తరగతికి వచ్చే తెలుగు పిల్లలతో నేను ఈ మాట గట్టిగా పైకి అనిపిస్తాను, ఎందుకంటే అలవాటు లేకపోతే సమయానికి గొంతు పెగలదు.

కంచె దాటడం, ఎత్తైన బ్లైండ్ ఎక్కడం గురించి రెండు ముక్కలు. ఒంటరిగా ఉంటే రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తెరిచి, కంచె కింది నుంచి అవతల నేల మీద పడుకోబెట్టి, బ్యారెల్ మీకు దూరంగా చూసేలా ఉంచి, కొంచెం పక్కగా నడిచి అక్కడ దాటాలి. బ్యారెల్ పట్టుకుని మన వైపు లాక్కోవడం అనే పని ఎప్పుడూ, ఎక్కడా చేయకూడదు. నిచ్చెన ఎక్కేటప్పుడు భుజాన వేసుకుని ఎక్కొద్దు. ముందు మనం ఎక్కి, హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) తగిలించుకుని, ఖాళీ రైఫిల్‌ని తాడుతో పైకి లాక్కోవాలి. ఆ తాడు ట్రిగ్గర్ గార్డ్‌కి కట్టకూడదు. కూర్చుని, గాలి పీల్చుకుని, బ్యారెల్ కిటికీ బయట పెట్టాకే చాంబర్‌లో తూటా. జారి పడితే, లేచాక బ్యారెల్‌లో మట్టి దూరిందేమో చూడాలి. అదీ రైఫిల్ ఖాళీ చేశాక, చాంబర్ వైపు నుంచే. మట్టి అడ్డం ఉండగా పేలిస్తే బ్యారెల్ చీలిపోతుంది.

తూటాలు కలిసిపోవడం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది కొత్తవాళ్లకి తెలియదు. గేజ్ అంటే షాట్‌గన్ బ్యారెల్ లోపలి వెడల్పు కొలత, అంకె పెద్దదైతే వెడల్పు తక్కువ. సెప్టెంబర్‌లో డవ్ (పావురాల) సీజన్‌కి 20 గేజ్ షాట్‌గన్ వాడిన మనిషి అదే చొక్కా తొడుక్కుని తర్వాత 12 గేజ్‌తో వస్తాడు. జేబులో ఒక 20 గేజ్ షెల్ మిగిలి ఉంటుంది. అది సన్నగా ఉంటుంది కాబట్టి 12 గేజ్ చాంబర్‌లో నిలవకుండా జారి కొంచెం ముందుకెళ్లి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మంటుంది, పేలదు. తెరిచి చూస్తే చాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. "లోడ్ చేయడం మర్చిపోయానేమో" అనుకుని 12 గేజ్ షెల్ పెట్టి పేలుస్తాడు. బ్యారెల్ సరిగ్గా ఎడమ చెయ్యి పట్టుకునే చోట బద్దలవుతుంది. 20 గేజ్ షెల్స్‌కి పసుపు రంగు వేసేది ఈ ప్రమాదం వల్లే. సీజన్ మారినప్పుడు జేబులన్నీ తిరగేసి దులపండి. అలాగే 300 బ్లాకౌట్ అనే లావు బుల్లెట్ తూటా, సన్న బుల్లెట్ వాడే 5.56 రైఫిల్ మ్యాగజైన్‌లో చక్కగా పడుతుంది, పేలిస్తే రైఫిల్ ముక్కలవుతుంది. క్లిక్ మని పేలకపోతే, ఏ తుపాకీ అయినా, వెంటనే తెరవొద్దు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. సురక్షితమైన వైపే గురి ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి.

తుపాకీ అనుకున్నట్టే పనిచేసి, మనిషి అనుకున్నప్పుడే పేల్చినా ప్రమాదం జరుగుతుంది. 2006 ఫిబ్రవరి 11న దక్షిణ టెక్సాస్‌లోని ఆర్మ్‌స్ట్రాంగ్ రాంచ్‌లో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ క్వెయిల్ (కంజు పిట్టల) వేటలో ఎగిరిన పిట్టని అనుసరిస్తూ 28 గేజ్ షాట్‌గన్ తిప్పి పేల్చారు. పెల్లెట్లు (షాట్‌గన్ షెల్‌లోని చిన్న గుండ్లు) ఆ వైపు ఉన్న 78 ఏళ్ల న్యాయవాది హ్యారీ విటింగ్టన్ ముఖానికి, మెడకి, ఛాతీకి తగిలాయి. ఒక పెల్లెట్ గుండె దాకా చేరి చిన్న హార్ట్ ఎటాక్ వచ్చింది. ఆయన బతికారు, 2023లో 95 ఏళ్ల వయసులో పోయారు. అక్కడ ట్రిగ్గర్ లోపం లేదు. పిట్టతో పాటు తిరుగుతున్న కంటికి పిట్ట తప్ప ఇంకేమీ కనబడదు. అందుకే వరుసలో నడిచేటప్పుడు ఎవరి హద్దు ఎంతో ముందే చెప్పుకుంటారు, ఆ హద్దు దాటి పిట్ట ఎగిరితే వదిలేస్తారు. బ్లైండ్‌లో కూర్చున్నప్పుడు కూడా ఇదే. పక్క బ్లైండ్ ఎటు ఉంది, ఎవరు ఎప్పుడు దిగి నడుస్తారు, రోడ్డు ఎటు, రాంచ్ ఇల్లు ఎటు అన్నది పొద్దున్నే మ్యాప్ మీద చూపించమనండి. .30-06 బుల్లెట్ దాదాపు 3 మైళ్లు పోగలదు. చిన్నదని తేలిగ్గా చూసే .22 బుల్లెట్ కూడా మైలు దాటుతుంది. కొండ అంచు మీద ఆకాశం నేపథ్యంలో నిలబడ్డ జింకని కాల్చకూడదనేది ఇందుకే. బుల్లెట్ పొరుగు రాంచ్ సరిహద్దు దాటితే టెక్సాస్‌లో అది నేరం కూడా.

ఆరెంజ్ రంగు చొక్కా, టోపీ వేసుకోండి. ప్రైవేటు రాంచ్‌లో టెక్సాస్ చట్టం తప్పనిసరి చేయలేదు, పబ్లిక్ హంటింగ్ ల్యాండ్స్‌లో 400 చదరపు అంగుళాలు ఉండాలి. చట్టం అడగకపోయినా వేసుకోండి. జింక కంటికి ఆ రంగు మనకి కనిపించినట్టు కొట్టొచ్చినట్టు కనబడదు, మనిషి కంటికి కనబడుతుంది.

ఇక హెచ్1బీ. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియకుండా పెద్ద చిక్కు తెచ్చిపెట్టే విషయం. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, మనకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న హంటింగ్ లైసెన్స్. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవి పందుల వేటకి టెక్సాస్ 2019 నుంచి లైసెన్స్ అడగడం లేదు. "పందులకి లైసెన్స్ అక్కర్లేదు, రా" అని మిత్రులు నిజాయితీగానే పిలుస్తారు. వాళ్లకి అక్కర్లేదు. హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్న మీకు కావాలి, ఎందుకంటే మీ చేతిలో తుపాకీ ఉండటాన్ని చట్టబద్ధం చేసేదే ఆ కాగితం. టెక్సాస్ లైసెన్స్ ఏటా ఆగస్ట్ 31తో ముగుస్తుంది, ఆ తేదీ కూడా గుర్తుంచుకోండి. మీ కేసులో ఇంకే మెలికలున్నా వెళ్లేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, మిత్రులనీ నన్నూ కాదు.

మీ తాతగారి ఊరి సంగతి. నాటు తుపాకీలో మందు, గుడ్డపీలిక, గుండ్లు అన్నీ బ్యారెల్ మూతి నుంచే దట్టిస్తారు. వెనక సన్నటి గొట్టం మీద చిన్న క్యాప్ పెట్టి, దాని మీద హ్యామర్ దించుతారు. సేఫ్టీ అనేది లేదు. హ్యామర్ క్యాప్‌కి ఆనుకుని ఉన్నప్పుడు దాని మీద కర్ర తగిలినా, కింద పడినా పేలుతుంది. పైగా బోల్ట్ తెరిచి తూటా తీసేసే వీలు లేదు, మామూలుగా పేల్చేస్తేనే ఖాళీ అవుతుంది. మందు ఖరీదు, దాన్ని వృథా చేయడం ఇష్టం లేక దట్టించిందాన్ని అలాగే ఇంటికి తెచ్చి గోడకి ఆనిస్తారు. ఎప్పుడూ పరీక్షకి నిలబడని ఇనప గొట్టంలో మందు కొలత లేకుండా పోస్తే ఆ గొట్టం పట్టుకున్న చేతిలోనే పగులుతుంది. మీరు చూసిన మనిషికి ఈ రెండింట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, లైసెన్స్ లేని తుపాకీ 1959 ఆయుధాల చట్టం కింద నేరం. దాంతో దెబ్బ తగిలినవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లడానికి కూడా జంకుతారు, ఆ ఆలస్యంలో రక్తం పోతుంది. ఏజెన్సీ ఊళ్లలో బంధువులుంటే వాళ్లకి ఒక్క మాట చెప్పండి: కేసు సంగతి తర్వాత, ముందు గాయం మీద గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని 108కి ఫోన్ చేయమని.

ఇప్పుడు వెళ్లాలా వద్దా. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ చేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు పూర్తిగా ఆన్‌లైన్‌లో చేయొచ్చు. అదే వయసువాళ్లకి ఒక ఏడాది వాయిదా వేసుకునే వీలు కూడా ఉంది. మిత్రులు దాని గురించి చెప్తారు, అది తీసుకోవద్దు. అక్టోబర్ లోపల కోర్సు పూర్తి చేయండి. ఆన్‌లైన్ కోర్సుతో చేతికి అలవాటు రాదు కాబట్టి, లైసెన్స్ చేతికొచ్చాక ఒకటి రెండు సార్లు రేంజ్‌కి (తుపాకీ సాధన చేసే చోటికి) వెళ్లి, అక్కడి ఇన్‌స్ట్రక్టర్ ఎదుట రైఫిల్ నింపడం, ఖాళీ చేయడం మాత్రమే సాధన చేయండి. గురి తర్వాత చూసుకోవచ్చు. చెవులకి మఫ్స్ మర్చిపోవద్దు.

తర్వాత పిలిచిన మిత్రుడికి ఫోన్ చేసి నిరుటి రైఫిల్ గన్‌స్మిత్ చూశాడా, ట్రక్కులో తుపాకీలు ఖాళీగా ఉంటాయా, వేట పూర్తయ్యేదాకా ఎవరూ బీరు ముట్టరు కదా అని అడగండి. మూడింటికీ తడుముకోకుండా అవునన్నారంటే నిశ్చింతగా వెళ్లండి. ఏ ఒక్కదానికి నవ్వి దాటేసినా ఈసారికి ఏదో పని ఉందని చెప్పి మానేయండి. వెళ్తే మాత్రం తొలి ట్రిప్పుకి రైఫిల్ లేకుండా వెళ్లమంటాను. అనుభవమున్నవాళ్ల పక్కన బ్లైండ్‌లో కూర్చుని, బైనాక్యులర్స్ పట్టుకుని, వాళ్లు రైఫిల్‌ని ఎప్పుడు నింపుతున్నారు, ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు, బ్యారెల్ ఎటు ఉంచుతున్నారో రెండు పూటలు గమనించండి.

ఆన్‌లైన్ కోర్సు చేసేటప్పుడు మీ ఆవిడని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ట్రక్కు దగ్గర మీరు ఏం చేయబోతున్నారో ఆమెకి తెలిస్తే సగం భయం తగ్గుతుంది, మిగతా సగం ప్రశ్నలుగా వస్తుంది. వాటిలో మీకు జవాబు తెలియనివి రాసి పంపండి, చెప్తాను.